తప్పు ఫోన్‌ది కాదు

ఈ వారం నాకు కోపం తెప్పించింది ఒక హెల్ప్‌లైన్ కుర్రాడి మర్యాద.

మా పెద్దమ్మ కూతురు విజయవాడలో ఉంటుంది. ఏదో పని మీద ఒక సంస్థ వెబ్‌సైట్‌లో అపాయింట్‌మెంట్ తీసుకోవాల్సి వచ్చింది. చేతిలో ఉన్నది, కొడుకు కొత్తది కొనుక్కుని వదిలేసిన పాత ఐఫోన్. పేజీ తెరిస్తే తేదీలూ టైములూ ఉండాల్సిన చోట పైనుంచి కిందిదాకా ‘ఇన్వాలిడ్ డేట్’, ‘ఇన్వాలిడ్ డేట్’ అని వరసగా ఉందట. ఒక్కో దాని పక్కన ‘బుక్’ అనే బటన్ మాత్రం పచ్చగా వెలుగుతోంది. నొక్కితే ఏ రోజుకి బుక్ అవుతుందో ఆ భగవంతుడికే తెలియాలి. హెల్ప్‌లైన్‌కి చేస్తే ఆ కుర్రాడు ఎంతో వినయంగా “క్రోమ్‌లో ఓపెన్ చేయండి మేడమ్” అన్నాడు. చేసింది. అదే వరస. మళ్లీ ఫోన్ చేస్తే, “అయితే ఫోన్ మార్చి చూడండి మేడమ్.”

“ఒరేయ్, ఫోన్ పాడైపోయిందంటావా?” అని నన్నడిగింది.

“ఫోన్‌కేం కాలేదక్కా. ముందు బావగారి ఫోన్‌లోంచి బుక్ చేసేయ్, తర్వాత చూద్దాం” అన్నాను. బావగారిది ఆండ్రాయిడ్. పని అయిపోయింది. నా కోపం అవలేదు.

ఐఫోన్‌లో క్రోమ్ పేరుకే క్రోమ్. ఐఫోన్‌లో ఏ బ్రౌజర్ పెట్టినా లోపల సఫారీ ఇంజిన్ వెబ్‌కిట్టే నడవాలన్నది యాపిల్ రూలు. 2024లో యూరప్ చట్టానికి తలొగ్గి అక్కడి ఫోన్లకి సడలించారు గానీ మన అక్కయ్యల ఫోన్లకి పాత రూలే. కాబట్టి ఐఫోన్ వాళ్లకి ‘క్రోమ్‌లో తెరవండి’ అని చెప్పడమంటే చొక్కా మార్చుకుని రమ్మని పంపడమే, మనిషి మారడు.

ఆ పేజీని నా కంప్యూటర్‌లో తెరిచి, సర్వర్ ఏం పంపుతోందో చూశాను. తేదీ ఇలా వస్తోంది: 2025-06-14, తర్వాత ఒక ఖాళీ, తర్వాత 10:30:00. డేటాబేస్‌లో ఎలా ఉందో అలాగే తీసి గుమ్మరించారు. జావాస్క్రిప్ట్ నియమావళిలో తేదీ రాతకి ఒక పద్ధతి 2009లోనే పెట్టారు. తేదీకీ టైముకీ మధ్య ఇంగ్లిషు టీ అక్షరం ఉండాలి. ఆ పద్ధతిలో లేని రాతని చదవాలా వద్దా అన్నది బ్రౌజర్ ఇష్టానికి వదిలేశారు. క్రోమ్ ‘పోనీలే, అర్థమైంది’ అని చదివేసుకుంటుంది. సఫారీ చాలాకాలం పాటు చదవనని మొరాయించింది. బాగు చేయడానికి ఖాళీ తీసేసి టీ పెట్టాలి, చివర మన టైము గుర్తుగా +05:30 అని తగిలించాలి. టీ తాగి లేచేలోపు అయ్యే పని.

టైము గుర్తు లేకపోతే ఏమవుతుందో చూపించే ఇంకో తమాషా ఉంది. టైము లేకుండా ఒట్టి తేదీ రాస్తే జావాస్క్రిప్ట్ దాన్ని గ్రీన్విచ్ అర్ధరాత్రిగా లెక్కేస్తుంది. ఇండియాలో అది తెల్లవారుజామున ఐదున్నర, తేదీ మారదు కాబట్టి మనకి తెలియదు. డాలస్‌లో అప్పటికి ఇంకా ముందురోజు సాయంత్రమే. జూన్ 14న పుట్టిన బిడ్డ అక్కడి మేనమామ ఫోన్‌లో 13న పుట్టినట్టు కనిపిస్తుంది. ఇందులో బ్రౌజర్ల మధ్య తేడా ఏమీ లేదు, అన్నీ ఒకే మాట మీద ఉంటాయి. హైదరాబాద్‌లో కూర్చుని టెస్ట్ చేసేవాడికి మాత్రం జన్మలో దొరకదు.

మళ్లీ మొదలుపెట్టాడురా అని పాత పాఠకులు నవ్వుకుంటున్నారని తెలుసు. ‘ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌లో, 800 బై 600లో చూస్తే బాగుంటుంది’ అని పేజీ అడుగున బోర్డు కట్టే రోజుల నుంచీ నాకు ఆ బోర్డు మీద కక్ష. ఇప్పుడు బోర్డు పోయి హెల్ప్‌లైన్ వచ్చింది, మాట అదే. నా రెండో పాత పాట కూడా మీకు కంఠతా వచ్చే ఉంటుంది: బ్రౌజర్‌ని ‘నువ్వెవరు’ అని అడగొద్దు, ‘నీకేం వచ్చు’ అని అడగాలి. ఎవరని అడిగితే అందరూ అబద్ధమే చెబుతారు. క్రోమ్ ఏ వెబ్‌సైట్‌కి వెళ్లినా తనని తాను మొజిల్లా అని మొదలుపెట్టి, ఫైర్‌ఫాక్స్ ఇంజిన్ గెక్కో లాంటిదాన్నని చెప్పి, చివరికి సఫారీ పేరు కూడా చేర్చుకుంటుంది. నెట్‌స్కేప్ అనే బ్రౌజర్ తనని మొజిల్లా అని చెప్పుకునే కాలంలో ‘మొజిల్లా అయితేనే లోపలికి’ అన్న కాపలావాళ్ల పుణ్యమది. అడుగుతున్న లక్షణం ఉందో లేదో నేరుగా పరీక్షించే ఏర్పాటు సీఎస్‌ఎస్‌లోనూ ఉంది, జావాస్క్రిప్ట్‌లోనూ ఉంది. వాడేవాళ్లే తక్కువ.

ఈ కక్ష నాకు ఎక్కడ పుట్టిందో చెప్పాలంటే తెలుగు దగ్గరికే వెళ్లాలి.

2000 ప్రాంతంలో నెట్‌లో తెలుగు పేపరు చదవడం ఎలా ఉండేదో ఇప్పటి పిల్లలకి చెబితే నమ్మరు. పత్రికకో ఫాంటు. యూనికోడ్ 1991లో మొదటి వెర్షన్‌లోనే మన అక్షరాలకి చోటిచ్చింది, కానీ వాటిని తెర మీద గుణింతాలతో ఒత్తులతో సరిగ్గా కూర్చి చూపించే కంప్యూటర్లు ఇళ్లలో లేవు. అందుకని ఇంగ్లిషు అక్షరాల నంబర్ల మీదే తెలుగు ముక్కల్ని ఎక్కించి ఫాంట్లు చేయించుకున్నారు. తలకట్టుకి ఒక నంబరు, కొమ్ముకి ఒకటి, ఒత్తుకి ఒకటి. ఫాంటు ఉంటే వార్త. లేకపోతే డాలర్ గుర్తులూ బ్రాకెట్లూ కలిసిన పిచ్చిరాత.

పాఠకుడి కంప్యూటర్‌లోకి ఆ ఫాంటు దానంతటదే దిగడానికి రెండు దారులుండేవి. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌కి మైక్రోసాఫ్ట్ వాళ్ల ఈఓటీ ఫైలు. నెట్‌స్కేప్‌కి బిట్‌స్ట్రీమ్ కంపెనీ వాళ్ల పీఎఫ్‌ఆర్ ఫైలు. దీన్ని అది చదవదు, దాన్ని ఇది చదవదు. నెట్‌స్కేప్ మూలపడ్డాక చాలామంది ఎక్స్‌ప్లోరర్ ఒక్కదానికే చేసి ఊరుకున్నారు. తప్పు పట్టలేం, పది మందిలో తొమ్మిది మంది దాంట్లోనే చూసేవారు. 2004లో ఫైర్‌ఫాక్స్ వచ్చింది. అది ఈ రెండిట్లో దేన్నీ చదవదు. ఫైర్‌ఫాక్స్‌లో తెలుగు పేపరు తెరిస్తే మళ్లీ డాలర్లూ బ్రాకెట్లూ. ఆ పిచ్చిరాతని అక్కడికక్కడే యూనికోడ్ తెలుగులోకి మార్చిపెట్టే ‘పద్మ’ అనే ఎక్స్‌టెన్షన్ ఒకటుండేది. వెబ్‌సైట్ కట్టినవాళ్లు చేయాల్సిన పనిని ఒక ఔత్సాహికుడు పాఠకుడి వైపు కూర్చుని చేసిపెట్టాడు. అలాంటి పనులకి మన దగ్గర సన్మానాలుండవు.

యూనికోడ్ తెలుగైనా తేలిగ్గా దొరికేది కాదు. విండోస్ ఎక్స్‌పీలో గౌతమి ఫాంటు ఉండేది, కానీ కంట్రోల్ ప్యానెల్‌లో ‘కాంప్లెక్స్ స్క్రిప్ట్’ అన్నచోట టిక్కు పెడితే తప్ప ఒత్తులు కూర్చునేవి కాదు. టిక్కు పెట్టగానే ఎక్స్‌పీ సీడీ అడిగేది. అమీర్‌పేట నెట్ సెంటర్‌లో ఓనర్‌ని బతిమాలి ఆ సీడీ పెట్టించుకున్న సాయంత్రం నాకింకా గుర్తు. “గేమ్స్ ఏమైనా ఎక్కిస్తున్నావా?” అని అనుమానంగా చూశాడు. తెరమీద తెలుగు వచ్చాక కుర్చీ లాక్కుని పక్కనే కూర్చుని, తెలుగు టైపు చేసే లేఖిని సైటులో తన పేరు తానే టైపు చేసుకున్నాడు. ‘కృష్ణ’లో ణ ఒత్తు సరిగ్గా కింద కూర్చునేసరికి నాకంటే అతనికే సంబరం. ఆ తర్వాత ఆ సెంటర్‌లో అన్ని సిస్టమ్‌లకీ ఆ టిక్కు పెట్టించాడు.

తర్వాత అంతా సుఖమేనా అంటే, 2018 ఫిబ్రవరి గుర్తు చేసుకోండి. జ, పొల్లు, ఞ, మధ్యలో కంటికి కనిపించని విడదీసే గుర్తు ఒకటి, ఆ పైన దీర్ఘం. ఇంతే. ఈ కూర్పు మెసేజ్‌లో వస్తే చాలు, ప్రపంచంలో ఎక్కడి ఐఫోన్‌లోనైనా ఆ యాప్ కుప్పకూలేది. ఆండ్రాయిడ్‌లో ఏమీ అయ్యేది కాదు. అంతర్జాతీయ పత్రికలన్నీ తెలుగు అనే భాష ఒకటుందని రాశాయి, ఆ రకంగా మనకి మంచి ప్రచారమే. అదే నెలలో ఐఓఎస్ 11.2.6తో సరిచేశారు. ఫోన్లు కూల్చింది కాబట్టి నెలలో సరైంది. కూల్చకుండా కేవలం వికారంగా కనిపించే తెలుగు తప్పులకి అంత వేగం ఉండదు.

అలాంటిది ఒకటి దగ్గరనుంచి చూపిస్తాను. ‘రాష్ట్రం ఎంచుకోండి’ అనే బటన్. డిజైనర్ ఇంగ్లిషులో ‘సెలెక్ట్ స్టేట్’ అని గీశాడు, ఎత్తు 32 పిక్సెళ్లు, వరసల మధ్య ఎడం బొటాబొటిగా, అంచు దాటినదాన్ని దాచేయమని సీఎస్‌ఎస్. తెలుగు ఫాంటు ఏదో చెప్పలేదు కాబట్టి ఒక్కో పరికరం తన దగ్గరున్నది తీస్తుంది. విండోస్ నిర్మలా తీస్తుంది, ఐఫోన్ కోహినూర్ తెలుగు తీస్తుంది, ఆండ్రాయిడ్ మామూలుగా నోటో తీస్తుంది. మూడింటి కొలతలు వేరు. ఒకచోట పూర్తిగా కనబడే ట ఒత్తు ఇంకోచోట సగానికి తెగుతుంది, రావత్తు కొస కనబడదు. ‘స్త్రీ’ అని రాసిన చోటా ఇదే గతి. ఎత్తుని కట్టేయడం మానేసి, కనీస ఎత్తు మాత్రమే ఇచ్చి, లోపల పైనా కిందా కాస్త జాగా వదిలి, వరస ఎత్తుని అక్షరం సైజుకి ఒకటిన్నర రెట్ల పైన పెడితే అన్నిటిలోనూ బతుకుతుంది. తెలుగు ఫాంటు మనమే పంపిస్తే ఇంకా మంచిది.

ఇవన్నీ విన్నాక మీకు అనిపించేదే మా వృత్తిలో అందరికీ అనిపిస్తుంది. లోకానికంతా ఒకటే బ్రౌజర్ ఉంటే ఈ గోల ఉండదు కదా అని. 2013లో ఓపెరా తన ఇంజిన్ వదిలేసుకుంది. 2020 జనవరిలో మైక్రోసాఫ్ట్ ఎడ్జ్ కూడా క్రోమ్ ఇంజిన్‌లోకి మారింది. ఇప్పుడు చెప్పుకోదగ్గవి మూడే మిగిలాయి: క్రోమ్ వాళ్ల బ్లింక్, యాపిల్ వెబ్‌కిట్, ఫైర్‌ఫాక్స్ గెక్కో. ఇంకో రెండు పోతే పీడా పోతుందని ఈ వారం అక్క ఫోన్ పెట్టేశాక నేనూ అనుకున్నాను. సగం కాలమ్ ఆ ధోరణిలోనే రాశాను కూడా.

కానీ ఒకటే బ్రౌజర్ ఉన్న కాలం మనం చూశాం. 2001లో ఎక్స్‌ప్లోరర్ ఆరు వచ్చింది, ఏడు వచ్చేసరికి 2006. చాలాకాలం పెద్దగా పోటీ లేదు, ఐదేళ్లు కొత్త వెర్షనే లేదు. ఆ రోజుల్లో తెలుగు సొంత ఫాంట్ల జైల్లో హాయిగా కూర్చుంది, ఎందుకంటే ఉన్న ఒక్క బ్రౌజర్‌లో కనిపిస్తూనే ఉంది. వెతికితే దొరకదు, కాపీ చేస్తే రాదు, అయినా ఎవరికీ పట్టలేదు. ఫైర్‌ఫాక్స్‌లో పిచ్చిరాత కనిపించడం మొదలయ్యాకే ఇది తెలుగు కాదు, తెలుగు వేషం అని పదిమందికీ తెలిసొచ్చింది. యూనికోడ్‌కి మారడానికి కారణాలు చాలా ఉన్నాయి గానీ, నా లెక్కలో ఆ పిచ్చిరాత చేసిన మేలు తక్కువది కాదు.

అక్క ఫోన్ సంగతీ అంతే. సఫారీ మొరాయించకపోతే ఆ తప్పు తేదీ రాత ఎవరి కంటా పడేది కాదు, టైము గుర్తు లేదన్న సంగతీ పడేది కాదు. నేను తిట్టుకున్న బ్రౌజరే ఈ వారం సరిగ్గా చదివింది. చదివింది అంటే, చదవనంది.

అలాగని బ్రౌజర్లన్నీ అమాయకులని కాదు. ఐఫోన్‌లో తెర మొత్తం ఎత్తు అడిగితే అడ్రస్ పట్టీ వెనక దాగిన భాగాన్ని కూడా లెక్కలో కలిపి ఇచ్చి, కింద ఉన్న బటన్‌ని పట్టీ కిందకి నెట్టేయడం ఏళ్లపాటు సాగింది. పట్టీ ఉన్నప్పుడూ లేనప్పుడూ వేరువేరుగా కొలిచే కొత్త కొలతలు 2022లో గానీ సఫారీ, క్రోమ్‌లలోకి రాలేదు. ఆ ఏడాది నుంచే యాపిల్, గూగుల్, మైక్రోసాఫ్ట్, మొజిల్లా ఇంకొందరితో కలిసి ‘ఇంటరాప్’ పేరుతో ఏటా కూర్చుని, తేడాలున్న అంశాల జాబితా ఒప్పుకుని, అందరికీ ఒకే పరీక్షలు పెట్టుకుంటున్నారు. మార్కులు బహిరంగంగా ఉంటాయి, ఎవరైనా చూడొచ్చు. మూడు ఇంజిన్లుంటేనే ఈ పరీక్షకి అర్థం. ఒక్కటే మిగిలితే అది ఏం రాస్తే అదే సరైన జవాబు.

కాబట్టి నా ఓటు ఇప్పుడు మూడుకే. మా తోటి డెవలపర్లకి ఒక మాట: అన్ని ఫోన్లలోనూ పేజీ అచ్చు ఒకేలా కనిపించాలన్న పంతం వదిలేయండి, అన్నిటిలోనూ పని జరిగితే చాలు. టెస్ట్ చేసేటప్పుడు పెట్టెలో ‘టెస్ట్’ అని ఇంగ్లిషులో కొట్టడం మాని ‘రాష్ట్రం’, ‘స్త్రీ’, ‘విజ్ఞాపన’ అని కొట్టండి. ఒత్తు తెగితే అది బ్రౌజర్ తప్పా మన తప్పా తేల్చుకోండి. బ్రౌజర్‌దే అయితే వెబ్‌కిట్, మొజిల్లా, క్రోమియం మూడింటికీ బగ్‌లు రాసే చోటు ఉంది, ఎవరైనా రాయొచ్చు, ఖర్చు లేదు. కాలిఫోర్నియాలో కూర్చున్న ఇంజినీరుకి ట ఒత్తు తెగినట్టు చూస్తే తెలియదు. ఒక స్క్రీన్‌షాట్, ఫోన్ మోడల్, వెర్షన్ నంబరు, ఎలా ఉండాలో ఎలా ఉందో నాలుగు వాక్యాలు. ఆ బగ్ మనం రాయకపోతే ఇంకెవరూ రాయరు.