‘తీర్చఁబడు’ : కృపావాదమునందుఁ గర్తృవిచారము

చిరకాలము నెల్లూరు మండలమునకు దక్షిణపుటెల్లయై, 2022లోఁ దిరుపతి జిల్లాలోఁ జేరిన తడ పులికాటు సరస్సు నొడ్డున నున్నది. అచ్చటఁ దెలుఁగును దమిళమును నొక్క వీథిలోనే వినవచ్చును. ఆ చేరువనున్న సూళ్లూరుపేట, నాయుడుపేట సీమలో జర్మనుదేశపు హెర్మన్సుబర్గు మిషనువారు 1865 మొదలుకొని లూథరు మతమును బోధించిరి. మొదటి ప్రపంచయుద్ధముతో వారి పని నిలిచిపోఁగా నమెరికాలోని ఒహైయో లూథరనులు దానిఁ జేపట్టిరి. దక్షిణాంధ్ర లూథరను సంఘ మా చెట్టు కాయయే. నెల్లూరులో 1840 నుండి అమెరికను బాప్తిస్టులు వేఱుగాఁ బనిచేసిరి. ఇట్లు మనుష్యుఁడు పాపియనియుఁ, దన్ను దాను రక్షించుకొనలేఁడనియు, దేవుని కృపయే శరణమనియుఁ జెప్పు సిద్ధాంత మీ తీరమునఁ దెలుఁగుమాట తొడిగికొని నూటయేఁబదియేండ్లు దాఁటినది. ఆ తొడుగు దానికిఁ దగినదా యని విచారించుట సాహిత్యవిమర్శకుని పని. సిద్ధాంతమును నమ్ముట మానుట వేఱుమాట.

బైబిలు తెలుఁగును బండితులు పరిహసించుట పాతకథ. వారి యాక్షేపములలో ముఖ్యమైనవి రెండు: పుటపుటను ‘బడు’ ధాతువు విసుఁగు పుట్టించుననియు, ‘నీతి’ శబ్దమును గూడనిచోటఁ బెట్టిరనియు. రెండవది చాలవఱకు న్యాయమైనది. మొదటిది మాత్ర మీ విషయమున నిలువదు.

తెలుఁగునకుఁ గర్మణిప్రయోగము సహజము గాదని యెఱుఁగని వైయాకరణుఁడు లేఁడు. ‘రాముఁడు రావణునిఁ జంపెను’ అనునది తెలుఁగు. ‘రామునిచేత రావణుఁడు చంపఁబడెను’ అనునది సంస్కృతపాఠశాలలోఁ బుట్టిన వాక్యము. కనఁబడు, వినఁబడు మొదలగునవి వాడుకలో నున్నను వాని నర్థము వస్తువు తనంతఁ దాను దోఁచుటయే. కాని పరభాషలోని యలవాటు తెలుఁగులోనికిఁ బ్రాఁకుట యొకటి, చెప్పవలసిన యర్థమే కర్మణిరూపమును గోరుట మఱియొకటి. పౌలు రోమీయులకు వ్రాసిన పత్రిక మూఁడవ యధ్యాయమున గ్రీకుమూలమే కర్మణిక్రియను వాడినది. అచ్చట మనుష్యుఁడు కర్మ, కర్త దేవుఁడు. మార్టిన్ లూథరు 1545లోఁ దన లాటిను గ్రంథముల సంపుటమునకు వ్రాసిన పీఠికలోఁ దన జీవితమును ద్రిప్పివేసిన యెఱుకను వ్యాకరణాంశముగానే వర్ణించెను. ‘దేవుని నీతి’ యనుచోట షష్ఠి కేమి యర్థము? దేవుఁడు తాను నీతిగలవాఁడై పాపిని దండించుట యని మొదటఁ దలఁచి యతఁ డా మాటనే ద్వేషించెను. దేవుఁడు పాపి కిచ్చునది, పాపి యూరక పొందునది యని పిమ్మటఁ దెలిసికొనెను. ఆ నీతి కతఁడు కూర్చిన విశేషణము, లాటిను వైయాకరణులు కర్మణిరూపమునకుఁ బెట్టిన పేరే. దీనిని గర్తరిప్రయోగముగా దిద్ది తేటతెలుఁగు చేసితి మని సంతోషించువారు సిద్ధాంతమును గూడ దిద్దినవా రగుదురు.

ఇంక ‘తీర్చు’ ధాతువు. తగవు తీర్చుట, తీర్పు తీర్చుట యనుచోట నిది నిర్ణయించి ప్రకటించుట. తీర్చిదిద్దుట, ముగ్గు తీర్చుట యనుచోట రూపము గల్పించుట. దేవుఁడు పాపిని నీతిమంతుఁడని ప్రకటించునా, లేక నీతిమంతునిగాఁ జేయునా యనునదియే పదునాఱవ శతాబ్దమున ఐరోపాను జీల్చిన వాదము. ప్రకటించునని లూథరుపక్షము, లోపల నిజముగా మార్చుటయుఁ జేరినదే యని 1547లో ట్రెంటు మహాసభ తీర్మానము. రెండర్థములను గర్భమునఁ దాల్చిన యీ ధాతువు తెలుఁగున దొరకుట యనువాదకుల యదృష్టము. వాడుకలోనున్న తెలుఁగు బైబిలులో మూఁడవ యధ్యాయముననే యొకచో ‘నీతిమంతులని’ యనియు, నాలుగు వాక్యముల తరువాత ‘నీతిమంతులుగా’ ననియుఁ దీర్చు ధాతువునకు ముందు నిలిపిరి. ‘అని’ ప్రకటనకుఁ జెల్లును, ‘గా’ పరిణామమునకుఁ జెల్లును. ఇది తెలిసి చేసినదో చేయి జాఱినదో కాని, తర్కమెఱిఁగిన చదువరి యచ్చట నొకక్షణ మాఁగక తప్పదు.

పాపశబ్దము మఱింత లోతైనది. ఉణాదులలో దీనిని రక్షణార్థకమైన ‘పా’ ధాతువునుండి సాధింతురు: దేనినుండి జనులు తమ్ముఁ గాచుకొందురో యది పాపము. ఈ వ్యుత్పత్తిలోనే యొక మతము దాఁగియున్నది. పాపము వెలుపలిది, మనుష్యుఁడు కాచుకొనఁగలవాఁడు. ధర్మశాస్త్రములు మహాపాతకములను, నుపపాతకములను వేఱుచేసి, యొక్కొక్కదానికిఁ గృచ్ఛ్రచాంద్రాయణాదులను విధించుట దీనికిఁ దగియే యున్నది. లెక్కకు వచ్చునది కావున బహువచనము: పాపములు. పౌలు పత్రికలో నైదవ యధ్యాయము మొదలు నేడవదానివఱకు నీ శబ్ద మెక్కువగా నేకవచనమున నిలుచును. దీనిని జాత్యేకవచన మని దాఁటిపోరాదు. అచ్చటఁ బాపము లోకమునఁ బ్రవేశించును, ఏలును, జీతమిచ్చును, మనుష్యునిలోఁ గాపురముండును. ఈ క్రియల కన్నిటికి నదియే కర్త. తాను రోయు కీడునే తాను జేయుచున్నానని యేడవ యధ్యాయమున మొఱపెట్టు మనుష్యుఁడు, చేయుచున్నది తాను గాక తనలోని పాప మనును. కారకపరిభాషలోఁ జెప్పవలెనన్న, మనుష్యుఁ డధికరణమాత్రముగా మిగిలెను. వ్యుత్పత్తిలోఁ దన్ను దాను గాచుకొన్నవాఁడే యిచ్చట నొరులచే రక్షణము పొందవలసినవాఁ డయ్యెను. శబ్ద మదియే, దానిలోని కర్త మాఱిపోయెను.

పాణిని కర్తను స్వతంత్రునిగా లక్షించెను (1.4.54). మేలు చేయుటలో మనుష్యుఁడు స్వతంత్రుఁడా యనునదియే ఐదవ శతాబ్దారంభమునఁ బెలాగియసునకు నగస్టీనునకు, 1524–25లో ఎరాస్మసునకు లూథరునకుఁ గలిగిన వాదములలోని సారము. విధి యున్నచో శక్తియు నుండవలెనని పెలాగియసు వాదము. శక్తుఁడే యధికారి యను మీమాంసకు లతనిఁ బ్రక్కనఁ గూర్చుండఁబెట్టికొందురు. అగస్టీనుపక్షమున విధి శక్తిని జూపుటకుఁ గాదు, అశక్తిని బయలుపఱచుటకు. పాణిని తరువాతి సూత్రముననే (1.4.55) ప్రయోజకునకు హేతువనియుఁ గర్తయనియు రెండు సంజ్ఞల నిచ్చెను. దేవదత్తుఁడు యజ్ఞదత్తునిచే వండించునపుడు యజ్ఞదత్తునకును గర్తృత్వము పోదు. ఫిలిప్పీయుల పత్రికలో దేవుఁడు మనుష్యులలో నిచ్ఛను గార్యమును గూడఁ బుట్టించునని చెప్పినచోట నీ ణిజంతమర్యాద చక్కఁగాఁ బొసఁగును. క్రొత్తజీవనమున మనుష్యుఁ డట్టి ప్రయోజ్యకర్త యగుట లూథరునకు సమ్మతమే. రక్షణారంభమున మాత్రము కాదు: నమ్ముటయుఁ దన బలముచేతఁ గాదని యతఁడు 1529 నాఁటి చిన్న ప్రశ్నోత్తరిలోఁ బిల్లలకే నేర్పెను. ఆ ప్రశ్నోత్తరి లూథరను పాఠశాలలకుఁ బెద్దబాలశిక్షవంటిది.

ఇచ్చటఁ బండితుని యసలైన యాక్షేపము లేచును. శాస్త్రఫలము కర్మఁ జేసినవానికే చెందునని జైమిని సిద్ధాంతము. చేసినది ఫలింపకపోవుట కృతహానము. చేయనిది వచ్చి మీఁదఁబడుట యకృతాభ్యాగమము. ఈ రెంటిని వారింపలేని దర్శనము దర్శనమే కాదని మనవా రందురు. క్రైస్తవసిద్ధాంతమున నివి రెండును దాఁపఱికము లేక కూర్చున్నవి. ఆదాము చేసిన యపరాధము తత్సంతతికి వచ్చుట యకృతాభ్యాగమము. పాపి చేసినది వానికి ఫలింపకపోవుట కృతహానము. క్రీస్తుపుణ్యము వానికిఁ జెందుట మరల నకృతాభ్యాగమమే. దీనికి మతప్రచారకు లిచ్చు సమాధానములు పెక్కు పేలవములు. ఒకని యప్పు నింకొకఁడు తీర్పవచ్చునుగదా యందురు. కాంటర్బరీ యాన్సెల్ము 1098 ప్రాంతమున ముగించిన గ్రంథమునకుఁ దరువాతఁ దృప్తివాదము బలసి, యీ ఋణదృష్టాంతము మిక్కిలి వ్యాపించినది. అప్పు తీర్పవచ్చును గాని యొకని హత్య కింకొకని నురిదీసిన రాజును ధర్మాత్ముఁ డనరు. పౌలు మాత్ర మీ దృష్టాంతముతోఁ దప్పించుకొనఁ జూడలేదు. అతఁ డైదవ యధ్యాయమున రెండకృతాభ్యాగమములను జంటగా నెదురెదుర నిలిపి, మొదటిదానికంటె రెండవది యధికమనెను. పండితుఁడు దోష మనునదానినే యతఁడు సువార్త యనుచున్నాఁడు. వాదమునకు వచ్చువా రుభయులును ముందీ సంగతి నొప్పుకొన్నచో వృథాశ్రమ తగ్గును.

ఇట్టిది మనయందును గలదని తొందరపడు పండితులు కొందఱు. శ్రీవైష్ణవులలోఁ దెంకలైవారి మార్జాలకిశోరన్యాయమును, వడకలైవారి మర్కటకిశోరన్యాయమును వారు చూపుదురు. పిళ్లైలోకాచార్యుల నిర్హేతుకకృప లూథరు మాటకు మిక్కిలి చేరువ యనుట నిజమే; రుడాల్ఫు ఓటో యను జర్మనుపండితుని యీ పోలిక గ్రంథమునకు 1930లో నాంగ్లానువాదమును వెలువడినది. కాని పిల్లిపిల్ల తల్లికెన్నఁడును శత్రువు గాదు. నోటఁ గఱచుకొని పోవునపు డది నిశ్చేష్టముగా నుండును, అంతియే. పౌలు కృప పొందిన మనుష్యుని మునుపటి స్థితికిఁ బెట్టిన పేరు శత్రుత్వము. తెంకలైవారి వాత్సల్యమున దోషము సహితము భోగ్యము, ఆవు తన దూడమైలను నాకినట్లు. క్రైస్తవమున దోషము సిలువను గోరినది. రెండును గృపావాదములే, కృపకు ముందున్నది వేఱు.

కృపాశబ్దమును గూర్చి కొంచెము చెప్పవలెను. పాణినీయులు భిదాదిగణమున సంప్రసారణముతో దీనిని సాధింతురు, అర్థము దయ. ఇది దయ గలవానియందే యుండును. తెలుఁగు కథోలికులు వాడు ‘వరప్రసాదము’ వేఱు: ప్రసాద మనఁగా నీ దేశమునఁ జేతిలోఁ బడునది, తిని యరగించుకొనునది. దేవుని మనస్సులోని యనుగ్రహమా, యాత్మలోఁ బోసిన గుణమా యను ట్రెంటు నాఁటి వివాదము తెలుఁగున రెండు పదములుగాఁ జీలినది. ఎఫెసీయుల పత్రికలో విశ్వాసమునకు ‘ద్వారా’, కృపకుఁ ‘జేత’ వాడుటయు వివేకమే: తృతీయ కృపకే దక్కెను, విశ్వాసము తూము మాత్రమే. అంతకంటె వింత యొకటి. రోమీయుల పత్రిక 3వ యధ్యాయము 28వ వాక్యమున లూథరు 1522లో మూలమున లేని ‘మాత్రము’ అను నర్థముగల జర్మనుపదమును జేర్చెను. ప్రతిపక్షులు గగ్గోలు పెట్టఁగా, జర్మనునుడికారమే దానిని గోరుచున్నదని 1530లోఁ బ్రత్యేకముగా లేఖ వ్రాసి సమర్థించుకొనెను. తెలుఁగువా రదే చోట ‘విశ్వాసమువలననే’ యనిరి. లూథరునకు లేఖ వ్రాయవలసివచ్చిన పనిని దెలుఁగున నవధారణార్థకమైన యేకార మొక్కటి నిశ్శబ్దముగా ముగించినది. బహుశః ఎవ్వరును గగ్గోలు పెట్టకపోవుట కది యక్షరము గాక యేత్వ మగుటయే కారణము.

నీతిశబ్దముతో నింత సుఖము లేదు. నీధాతువునుండి వచ్చిన యీ మాట సంస్కృతమున నడపుట, నయము, రాజతంత్రము. కామందకుని నీతిసారమును, భర్తృహరి నీతిశతకమును, చిన్నయసూరి 1853లో వెలువరించిన నీతిచంద్రికను జదివినవానికి ‘నీతిమంతుఁడు’ లోకజ్ఞుఁడు, ఆపద దాఁటఁగల నేర్పరి. అట్టివాఁడు కృప నేల కోరును? తమిళమున మాత్రము నీతి యనఁగా న్యాయమే. న్యాయస్థానమునకును వారు నీతిమన్ఱమనియే యందురు. తెలుఁగున మొదట బైబిలు ననువదించిన బెంజమిను షుల్జు తమిళ మెఱిఁగినవాఁడు, మదరాసున నుండి పనిచేసినవాఁడు. ఆ 1732 నాఁటి యనువాదము ముద్రణకు రాలేదు గాని, తమిళచ్ఛాయ క్రైస్తవపరిభాషపై నాఁటినుండియుఁ బడియుండవచ్చును. కావుననే తడలో రెండుభాషలు వినుచుఁ బెరిగినవానికి నీతిశబ్దము తిన్నఁగాఁ దీర్పును స్ఫురింపఁజేయఁగలదు; గోదావరితీరపుఁ బిల్లవానికి సుమతిశతకమును స్ఫురింపఁజేయును. ధర్మశబ్దమును వాడరాదా యన్నచో, అనువాదకులు దానిని మోషే శాసనమునకు ‘ధర్మశాస్త్ర’మని ముందే వెచ్చించిరి. ఒక పదమును దొందరపడి ఖర్చుచేసిన యనువాదకుఁడు తరువాతి పుటలలో నప్పుపడును.

బడుధాతువు పీడ తెలుఁగున సహజముగా విరగడయగు తావొకటి గలదు. ఏఁబదియొకటవ కీర్తనలో దావీదు దేవునితో మాటాడుచున్నాఁడు. ‘కరుణింపుము’, ‘కడుగుము’ అని మధ్యమపురుషమున వేఁడునపుడు దేవుఁడే కర్త, ‘నన్ను’ అని మనుష్యుఁడు ద్వితీయలోఁ జక్కఁగా నొదుఁగును. సిద్ధాంత మదియే; తెలుఁగునకు లేశమైన నొప్పి లేదు. పర్లాకిమిడి ప్రాంతపు బ్రాహ్మణకుటుంబమునఁ బుట్టి, 1833లో బాప్తిస్మము పొంది, 1890 వఱకు జీవించిన పురుషోత్తమచౌధరి కీర్తనలు నిలిచియుండుటకుఁ గారణ మిచ్చట వెదకవలెను. అతనికి మడినిగూర్చియుఁ బ్రాయశ్చిత్తమునుగూర్చియుఁ జెప్పవలసినవారు లేరు. అతఁడు పాపమునుగూర్చి యుపన్యసింపక, పాపిగా సంబోధించెను. అతఁడు బాప్తిస్టు, ఐనను ఆంధ్రక్రైస్తవకీర్తనలను చేతఁబట్టిన లూథరను సంఘములవారు నతని పాటలనే పాడుదురు. శిశువునకు బాప్తిస్మ మీయవచ్చునా యని పగలెల్ల వాదించుకొనఁగల యీ రెండు శాఖలవారికిని సాయంకాలపుఁ బాటలో మధ్యమపురుషైకవచన మొక్కటియే.