మధుబని స్టేషను గోడలు

2017లో బీహారులోని మధుబని రైల్వేస్టేషను గోడలను మిథిలా చిత్రకారులు బొమ్మలతో నింపారు, వారిలో స్త్రీలెందరో. ప్రదర్శనశాల గడప తొక్కని కూలీ సైతం బండికోసం నిలబడి చూడగల కళ అది. అంతవరకు మెచ్చవలసిందే. కాని ఆ పనికి వేతనం లేదు, శ్రమదానమన్నారు! మరుసటి ఏడు అందమైన స్టేషన్ల పోటీలో బహుమతి మాత్రం స్టేషనుకు దక్కింది.

డబ్బు ముట్టుకుంటే జానపదకళ మైలపడుతుందనే పెద్దలున్నారు. 1960ల కరువులో అఖిలభారత హస్తకళల బోర్డు ఈ స్త్రీలచేత ఇంటిగోడల బొమ్మలను కాగితంమీద వేయించింది పొట్టకూటికోసమే గదా! మొదట పేరొచ్చింది బ్రాహ్మణ, కాయస్థ ఇళ్ల రీతులకు. తరువాత దళితులైన దుసాధు స్త్రీలు పచ్చబొట్ల గీతలనుంచి గోదనా శైలిని తీర్చుకొని, తమ వీరుడు రాజా సల్హేసును కాగితానికెక్కించారు. సర్కారు గోడమీద ఆ సల్హేసుకెంత చోటిచ్చారని అడగకుండా, వైవిధ్యమంటూ చప్పట్లు కొట్టడం నాకు చేతకాదు.