తొలి తోడు

మా అపార్ట్‌మెంట్‌లో ఇంజినీరింగ్ మూడో ఏడు చదివే అమ్మాయి ఈ వారం వచ్చి, "అంకుల్, నేనో కొత్త ప్రోగ్రామింగ్ లాంగ్వేజ్ డిజైన్ చేశాను. దానికి కంపైలర్ ఎక్కడ దొరుకుతుంది?" అని అడిగింది. నాకు చిర్రెత్తుకొచ్చింది. భాష పుట్టించింది నువ్వు, కంపైలర్ మాత్రం బజార్లో వెతుకుతావా? ఎక్కాలు రాని పిల్లల చేతికి క్యాలిక్యులేటర్ ఇవ్వొద్దనే నా పాత పాటే అందుకుని జ్యూరిక్ కథ మొదలుపెట్టాను.

1969. జ్యూరిక్‌లోని ఈటీహెచ్ విశ్వవిద్యాలయంలో నిక్లాస్ విర్త్ పాస్కల్ భాషకు రూపమిస్తున్నాడు. భాష కాయితం మీద ఉంది, దాన్ని యంత్రానికి అర్థమయ్యేలా మార్చే కంపైలర్ లేదు. ఉన్నది సీడీసీ 6000 యంత్రం, అందులో ఫోర్‌ట్రాన్ భాష. శిష్యుడొకడు ఫోర్‌ట్రాన్‌లోనే కంపైలర్ రాయడానికి పూనుకున్నాడు. అది పూర్తయ్యాక పాస్కల్‌లోకి మార్చుకోవచ్చని ఆశ. కంపైలర్‌కి కావాల్సిన జటిలమైన డేటా అమరికలు ఫోర్‌ట్రాన్‌లో ఇమడలేదు. రాసింది పాస్కల్‌లోకి మార్చడానికీ పనికిరాలేదు. మొత్తం పక్కన పడేశారు.

రెండోసారి కంపైలర్‌ని ఏకంగా పాస్కల్‌లోనే రాశారు. అప్పటికి ఏ యంత్రానికీ తెలియని భాష అది! ఇంకో శిష్యుణ్ణి రెండు వారాలు ఇంటికి పంపించేశారు. అతను ఆ ప్రోగ్రామ్‌ని ఆ యంత్రంలో ఉన్న ఓ కిందిస్థాయి భాషలోకి చేత్తో తర్జుమా చేశాడు. ఆ రెండు వారాలూ ఆ మనిషే కంపైలర్. 1970 నడిమికల్లా పని నడిచింది. ఆపైన పాస్కల్ కంపైలర్ తనను తానే కంపైల్ చేసుకుంది.

చీవాట్లు పెడదామని చెప్పిన కథ, చెబుతుంటేనే ఆ అమ్మాయి పక్షం చేరింది. పెరుగు కావాలంటే తోడు కావాలి, తోడుకి మళ్లీ పెరుగే కావాలి. మరి తొలి తోడు ఎక్కడిది? పక్కింటిది. ఆ శిష్యుడు తర్జుమా చేసింది సున్నాలూ ఒకట్లలోకి కాదు, వేరేవాళ్లు అప్పటికే సిద్ధం చేసి పెట్టిన భాషలోకి. తర్వాత వచ్చిన భాషలదీ ఇదే దారి. రస్ట్ భాష తొలి కంపైలర్‌ని ఓకామెల్ అనే మరో భాషలో రాశారు. 2011లో గానీ అది తన కంపైలర్‌ని తను కంపైల్ చేసుకోలేదు. మెషిన్ కోడ్ కోసం ఇప్పటికీ ప్రధానంగా ఎల్ఎల్‌వీఎం అనే సిద్ధంగా దొరికే పనిముట్టు మీదే ఆధారపడుతుంది. గో భాష కంపైలర్ 2015 దాకా సీ భాషలోనే ఉండేది.

కాబట్టి వెతకమనే చెప్పాను. ఇంటెల్ చిప్‌కీ ఏఆర్ఎమ్ చిప్‌కీ తగ్గ కోడ్ పుట్టించే పని ఎల్ఎల్‌వీఎంకి వదిలెయ్యొచ్చు. ఏ వాక్యం చెల్లుతుంది, ఏది చెల్లదు, చెల్లనప్పుడు ప్రోగ్రామర్‌కి ఏమని చెప్పాలి అన్నవి మాత్రం ఎక్కడా దొరకవు, కూర్చుని రాసుకోవాల్సిందే. జ్యూరిక్‌లో తొలి ప్రయత్నం చెడింది అరువు తెచ్చుకున్నందుకు కాదు, అరువు భాషలో పట్టని ఆలోచనని అందులో కుక్కబోయినందుకు.