బబులోను బడి, హాగ్వర్ట్స్ బడి: ‘హ్యారీ పాటర్’ అయిదవ నవలపై ఒక వేదాంత పరిశీలన

1. ఉపోద్ఘాతము

రెవ. రాబర్ట్ నోబుల్ 1843లో మచిలీపట్నములో పాఠశాల స్థాపించారు. 1852లో అక్కడి విద్యార్థులిద్దరు, ఒక బ్రాహ్మణుడు, ఒక వెలమ, బాప్తిస్మము పొందగా పట్టణము కలవరపడింది. అనేకులు తమ పిల్లలను మాన్పించారు. వారి దృష్టిలో అది పిల్లల మనస్సును మార్చివేసే అంతుచిక్కని బడి. నేడు గుడివాడలోను దివిసీమ పల్లెలలోను మన విశ్వాసులైన తల్లిదండ్రులలో కొందరు, జె.కె. రౌలింగ్ కల్పించిన హాగ్వర్ట్స్ మంత్ర పాఠశాలను గూర్చి అలాగే భయపడుతున్నారు. ‘హ్యారీ పాటర్ అండ్ ది ఆర్డర్ ఆఫ్ ది ఫీనిక్స్’ (2003) ఆధారముగా ఆ భయమును పరిశీలిద్దాము.

2. వాక్యము ఏమి చెప్పుచున్నది?

ద్వితీయోపదేశకాండము 18:10-12 మంత్రవిద్యను స్పష్టముగా నిషేధించింది. ఇందులో రాజీ లేదు. అయితే దానియేలు కల్దీయుల విద్యను, భాషను నేర్చుకున్నాడు (దానియేలు 1:4). రాజు భోజనమును నిరాకరించాడు గాని గ్రంథములను నిరాకరించలేదు. ఒక విద్యను ఎరిగియుండుట వేరు, దానికి లోబడుట వేరు.

3. నవలలోని చీకటి

ఈ నవలలో మిక్కిలి భయంకరమైన పాత్ర మంత్రగాడైన వోల్డెమార్ట్ కాదు, ప్రభుత్వము పంపిన ఉపాధ్యాయిని అంబ్రిడ్జ్. హ్యారీ సత్యము చెప్పినందుకు, తాను అబద్ధమాడనని అతనిచేత పదే పదే వ్రాయిస్తుంది. ఆ కలము వ్రాసిన ప్రతి అక్షరము అతని చేతి చర్మమును కోస్తుంది. అధికారము సత్యమును శిక్షించుట ఎట్లుండునో యిర్మీయాను చదివినవారికి తెలియును.

రెండవది దర్శనము. తన జ్ఞానపిత సిరియస్ హింసింపబడుతున్నట్లు హ్యారీకి ఒక దర్శనము కలుగుతుంది. పరీక్షించుమని స్నేహితురాలు హెర్మయొనీ హెచ్చరించినా అతడు ఆగడు. అది శత్రువు పన్నిన వల. హ్యారీని కాపాడవచ్చిన సిరియస్ మరణిస్తాడు. దర్శనములను వివేచింపక నమ్మే సంఘములకు ఇది 1 యోహాను 4:1కి తగిన దృష్టాంతము.

4. లోపములు

ఈ లోకములో శక్తి పుట్టుకతో వచ్చే వరము, కృప కాదు. ప్రార్థనకు చోటు లేదు. చివరి నవలలో (2007) సమాధులపై మత్తయి 6:21, 1 కొరింథీయులకు 15:26 వాక్యములు కనిపించినా, వాటిని పలికిన దేవుడు కథలో మౌనముగానే ఉన్నాడు. అదే నవలలో హ్యారీ నిషిద్ధమైన హింసా మంత్రమును ప్రయోగించగా అతని ఉపాధ్యాయిని మెచ్చుకుంటుంది. అయిదవ నవలలో హింసను అంతగా ఖండించిన రచయిత్రి ఇక్కడ తన కథానాయకునికి మినహాయింపు ఇచ్చింది. మన యౌవనస్థులతో చర్చించవలసినది మంత్రదండమును గూర్చి కాదు, ఈ మినహాయింపును గూర్చియే.

5. ముగింపు

మన పల్లెలలో చేతబడి అను మాట కేవలము కథ కాదు. ఆ నింద మోపబడిన వృద్ధురాలు ఊరిలో తలెత్తి నడువలేదు. కాపరి నిజముగా ఎదిరించవలసినది ఆ భయమును, ఆ నిందను. నవలను దాచిపెట్టుట సులభము. పిల్లవానితో కూర్చుండి చదివి, ఎవరికి లోబడుచున్నావని అడుగుట కష్టము. ఎఫెసులో విశ్వాసులు మాంత్రిక పుస్తకములను కాల్చినది తమంతట తామే (అపొస్తలుల కార్యములు 19:19). పౌలు వారి ఇండ్లు సోదా చేయలేదు.