కత్తి అంచు, కాంతి అంచు

పిల్లల కింది పెదవి లోపల, నీలం ఛాయతో, మిరియపు గింజంత బుడిపె. పెదవి పంటి కింద పడ్డప్పుడు చిన్న లాలాజల గ్రంథి నాళం చిట్లుతుంది. లోపలి జిగురు పక్కకు కారి నిలిచిపోతే అదే మ్యూకోసిల్. పగులుతుంది, తగ్గినట్టే ఉంటుంది, మళ్లీ ఊరుతుంది. ప్రాణభయం లేదు గానీ, అన్నం తింటున్నప్పుడల్లా పంటికి తగులుతూనే ఉంటుంది.

దీనికి కత్తి మనందరికీ తెలిసిన దారి. మత్తు సూది, సన్నని కోత, తర్వాత కుట్లు. తీసిన ముక్క అంచులు కమలవు గనుక పాథాలజిస్టు దాన్ని తేటగా చదవగలడు. కత్తిలో నాకు నచ్చే గుణం ఇదే.

లేజర్ దారి వేరు. బారామతిలో పుట్టిన కుమార్ పటేల్ 1964లో బెల్ ల్యాబ్స్‌లో రూపొందించిన కార్బన్ డయాక్సైడ్ లేజర్ కాంతిని కణజాలంలోని నీరు పీల్చుకుంటుంది. డయోడ్ లేజర్ కాంతినైతే నెత్తుటిలోని హిమోగ్లోబిన్ పీల్చుకుంటుంది. ఆ వేడికి కోత పడుతుంది, వెంటనే సన్నని రక్తనాళాలూ మూసుకుంటాయి. చాలాసార్లు కుట్లే అక్కర్లేదు. ఆరేళ్ల పిల్ల వైద్యుడి కుర్చీలో ఎంతసేపు నోరు తెరిచి ఉండగలదో చూసినవాళ్లకు, కుట్లు వేసే ఆ కాసేపు తప్పడం ఎంత ఊరటో తెలుసు.

అయితే లేజరైనా మత్తు సూది సాధారణంగా తప్పదు. కుట్టని గాయంపై తెల్లటి పొర కడుతుంది. చీము పట్టిందేమోనని తల్లులు హడలిపోతారు గానీ, అది మానుతున్న గుర్తు. ఇక కత్తి ఇచ్చే తేటైన ముక్కను లేజర్ ఇవ్వలేదు. దాని అంచు వేడికి కాస్త కమిలి ఉంటుంది.

ప్రాచీన శస్త్రవైద్యుడు సుశ్రుతుడు అగ్నిని అనుశస్త్రాల్లో, అంటే శస్త్రానికి బదులు వాడే సాధనాల్లో, చేర్చాడు. అగ్నితో కాల్చిన రోగం తిరగబెట్టదనీ చెప్పాడు. లేజర్‌ను ఆ అగ్నికి వారసురాలని పిలవాలనిపిస్తుంది నాకు. కానీ తిరగబెట్టదన్న మాటకు మ్యూకోసిల్ లొంగదు. బుడిపెను అంటుకున్న చిన్న గ్రంథులు మిగిలిపోతే కత్తితో తీసినా తిరిగొస్తుంది, అలాగే కాంతితో తీసినా. పెదవి కొరికే అలవాటు మానకపోయినా అంతే.

నెత్తురు నిండిన చిన్న గడ్డయితే నా మొగ్గు కాంతి వైపు. ఏమిటో తేలని బుడిపెకు కత్తి వైపు. మ్యూకోసిల్ కోసం వెళ్లినప్పుడు మాత్రం లేజర్ ఉందా అని అడగను. అడుగునున్న గ్రంథులు కూడా తీస్తారా, ముక్కను పరీక్షకు పంపుతారా అని అడుగుతాను.