మజిలీ నడక

కొండ నడక అంటే హైదరాబాదులో ఇప్పుడు హిమాలయాల మాటే. నల్లకుంటలో, అశోక్‌నగర్‌లో హాస్టల్ పిల్లలు కూడా కేదార్‌కంఠ ప్యాకేజీ ధరలు గడగడా అప్పజెబుతారు. వెళ్లొద్దని ఎవరంటారు? కానీ కొండల్లో మజిలీ నుంచి మజిలీకి నడవడం మనవాళ్ల పాత విద్య. అది ఇంకా ఊపిరితో ఉన్న దారి నల్లమలలో ఉంది. ఆత్మకూరు దగ్గరి వెంకటాపురంలో మొదలై నాగలూటి, పెచ్చెరువు, భీముని కొలను దాటి, కైలాస ద్వారం మీదుగా శ్రీశైలం చేరే ఆ బాట 40 కిలోమీటర్లకు పైనే. పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రలో ఒక ప్రకరణమే ఈ పర్వతానికి రాసిచ్చాడు. ఈ బాటలోని మెట్లు రెడ్డిరాజులు కట్టించారంటారు. ఏ మెట్టు ఎవరిదో పండితులు తేల్చుకోనీ, మనకు కావలసింది వాటి మీద పడే అడుగు.

ఆ అడుగు చూడాలంటే ఉగాది ముందు రోజుల్లో కన్నడ భక్తుల్ని చూడాలి. భ్రమరాంబ తమ ఇంటి ఆడపడుచని వాళ్ల నమ్మకం, అందుకే పుట్టింటివాళ్ల హక్కుతో వస్తారు. తెల్లారకముందే బయల్దేరి, ఎండ ముదిరేసరికి నీళ్లున్న చోట నీడ పట్టేస్తారు. మూటలో రోజులు గడిచినా పాడవని ఎండు జొన్నరొట్టెలు. ఎక్కుడులో అడుగు చిన్నది, పాదం మొత్తం ఆనుతుంది, వేళ్ల మీద ఎక్కరు. దిగుడులో మోకాలు కాస్త వంచి, పాదం కొంచెం అడ్డంగా వేస్తారు. పాట నడకను కడుతుంది, అందుకే పోటీ ఉండదు, గుంపులో ముసలివాళ్ల వేగమే అందరి వేగం. వీళ్లలో కర్రకాళ్ల మీద వచ్చే ఘనులూ ఉన్నారు! నేల మీద నడవడానికే ఆయాసపడేవాళ్లం ఆ మాట విని ఓ నమస్కారం పెట్టి ఊరుకోవాలి. ఇక చెంచులు. మల్లన్నను అల్లుడంటారు. ఎండాకాలంలో ఏ వాగు మడుగులో తడి మిగిలిందో వాళ్లకు తెలిసినట్టు ఏ మ్యాపుకూ తెలియదు. గురువులంటే వాళ్లే.

ఇదంతా భక్తి, విద్య ఎలా అవుతుందని అడిగేవాళ్లున్నారు. భక్తి ఇల్లు కదిలిస్తుంది, మోకాళ్లను కాపాడదు. కాపాడేది నేర్చిన అడుగే. 1830 మే నెలలో మద్రాసు నుంచి కాశీకి బయల్దేరి, ఆ యాత్రను పుస్తకంగా రాసిన ఏనుగుల వీరాస్వామయ్యను సాక్షిగా పిలిస్తే, ఆయన పల్లకీ ఎక్కాడు కదా, నడకకు సాక్షి ఎలా అవుతాడన్నది ఇంకో ఆక్షేపణ. నిజమే. అయినా శ్రీశైలం దారితో సహా ప్రతి మజిలీకి దూరమెంత, బాట ఎలాంటిది, నీళ్లున్నాయా, అంగళ్లున్నాయా అని రాశాడు. మోసే బోయీల అడుగు నుంచి పుట్టిన లెక్కలవి. నడిచేవాడికి పనికొచ్చే అలాంటి పుస్తకం మళ్లీ తెలుగులో రాలేదంటాను, కోపమొచ్చినవాళ్లు రానీ.

ఇప్పుడు కొండ నడకలో సరుకు మారింది. డేరా, చలిమంట, శిఖరం మీద ఫోటో, తిరుగు బస్సు. దారిలోని ఊరి పేరు అడిగితే ఒక్కడికి తెలియదు. పదమూడేళ్ల మాలావత్ పూర్ణ 2014లో ఎవరెస్టు ఎక్కితే పొంగిపోయాం, పొంగిపోవాల్సిందే. కానీ పూర్ణది భువనగిరి బండ మీద మొదలైన సాధన, ఈ ప్యాకేజీ నడక డబ్బిచ్చి కొనే వినోదం. హిమాలయాల్లోనే చూడండి. బదరీ దారిలో నడిచేవాళ్ల కోసం మజిలీకో చట్టీ, అంటే బస, ఉండేది. మోటారు రోడ్డు పడ్డాక అవి చాలావరకు మూతపడ్డాయి. కేదారానికి హెలికాప్టర్లు తిరుగుతున్నాయి. దారి పోతే దారి తెలిసిన మనిషీ పోతాడు.

పులులున్న నల్లమలలో జనమెందుకన్న ప్రశ్న న్యాయమైనదే. పండగ రోజులకే బాట తెరవడం సబబే. అయితే అడవికి చేటు పాదాలు కాదు, నీళ్ల ప్యాకెట్లూ ప్లాస్టిక్ పళ్లేలూ. నడకను నిలబెట్టి వాటిని ఆపండి. నల్లకుంట, చిక్కడపల్లి కుర్రాళ్లకు ఒక్క మాట: డెహ్రాడూన్ టికెట్ కొనేముందు ఈ శివరాత్రికి ఆత్మకూరు బస్సెక్కండి. గుడ్డసంచి తీసుకెళ్లండి, పెద్దల వెనకే నడవండి, తెచ్చుకున్న చెత్త వెనక్కి పట్టుకురండి.