మూడో చెయ్యి

పండగ రోజుల్లో మా అమ్మ వంటింట్లోంచి కేకేసేది: "నాకేమన్నా పది చేతులున్నాయట్రా?" ఒక పొయ్యి మీద పాయసం, ఇంకో పొయ్యి మీద బూరెల మూకుడు, గుమ్మంలో పాలవాడు. నేను వెళ్లి పాలగిన్నె పట్టేవాణ్ని. ఆ మాటను అక్కడితో అందరం మరిచిపోయేవాళ్లం.

అచ్చం అలాంటి మాటే అన్నందుకు ఒక పిల్లవాడు ఇంటిల్లిపాది ముందూ దోషిలా నిలబడిన ఘట్టం ఒక నవలలో చదివాను. జాన్ విండమ్ 1955లో రాసిన 'ది క్రిసాలిడ్స్' అది. డేవిడ్ అనే ఆ పిల్లవాడి చేతికి గాయమైంది. కట్టు ముడి ఒంటిచేత్తో పడదు కదా. ఇంకో చెయ్యి ఉంటే తనే కట్టుకునేవాణ్నని నోరు జారాడు. గదిలో ఉన్నవాళ్లంతా మాట ఆపేశారు. దేవుడిచ్చిన రూపానికి వంక పెడతావా, వికృతిని కోరుకుంటావా అని తండ్రి మండిపడ్డాడు. చిన్నపిల్లవాడి విసుగు కాస్తా దైవదూషణ అయిపోయింది.

పాతికేళ్ల కిందట ఒక ఆదివారం హైదరాబాద్ ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద కొన్న పాత ప్రతి నా దగ్గరుంది. పెన్సిల్ పట్టుకుని చదవడం నా అలవాటు. ఈమధ్య మూడోసారి చదువుతుంటే నా పాత గీతలే నన్ను ఆపాయి. ఈ వారం ఆ గీతల గురించే రాస్తున్నాను.

కథ కెనడాలోని లాబ్రడార్‌లో, వాక్‌నక్ అనే ఊళ్లో నడుస్తుంది. ఎన్నో తరాల కిందట ఒక మహావిపత్తు లోకాన్ని కాల్చేసింది. అది అణుయుద్ధమని పాఠకుడికి తెలుస్తుంది, అక్కడి జనానికి తెలియదు. వాళ్లకు తెలిసిందల్లా దేవుడి ఆగ్రహం. అందుకే పైరులో తేడా కనిపిస్తే చేను తగలబెడతారు. వింత దూడ పుడితే కీర్తనలు పాడుతూ గొంతు కోస్తారు. మనిషిలో తేడా కనిపిస్తే పొలిమేర అవతలి అడవుల్లోకి తరిమేస్తారు. ఇంటి గోడల నిండా స్వచ్ఛతను కాపాడమనే సూక్తులు చెక్కిన చెక్కపలకలు ఉంటాయి. డేవిడ్ వాటిని చూసే చదవడం నేర్చుకున్నాడు.

ఇలాంటి చెడిపోయిన రేపటినే రాసిన జార్జ్ ఆర్వెల్, విండమ్ ఇద్దరూ 1903లోనే పుట్టారు. ఆర్వెల్ '1984'లో గోడమీది తెర మనిషిని కనిపెట్టి ఉంటుంది. విండమ్ నవలలో ఆ పని తండ్రి చేస్తాడు, పిన్ని చేసిన తప్పును అమ్మ ఎత్తిచూపుతుంది, ఊళ్లో కుర్రాడు అడుగుజాడ చూస్తాడు. చెడిపోయిన రేపటి గురించి రాసేవాళ్లు చాలామంది యంత్రాల మీద మోజు పడతారు. వాక్‌నక్‌లో కనిపించేవి ఎక్కువగా గుర్రాలు, లాంతర్లు, చెక్క ఇళ్లే. అయినా నాకు ఊపిరాడనిది ఈ నవలలోనే.

ఆ అడుగుజాడ సంగతి చెప్పాలి. డేవిడ్ స్నేహితురాలు సోఫీకి కాలికి ఆరు వేళ్లు. తల్లిదండ్రులు ఆమెకు ఎప్పుడూ బూట్లు తొడిగే ఉంచుతారు. ఒకరోజు పిల్లలిద్దరూ వాగులో ఆడుకుంటూ బూట్లు విప్పేశారు. తడి కాలు బండ మీద పడింది. ఇంకో కుర్రాడు వచ్చేసరికి ఆ జాడ ఇంకా ఆరలేదు. కాసేపు ఎండ తగిలితే ఆరిపోయే నీటి గుర్తు అది. దాంతో ఒక కుటుంబం రాత్రికి రాత్రి ఇల్లు వదిలి పారిపోవాల్సి వచ్చింది. రాజ్యమెంత క్రూరమైనదో చెప్పడానికి ఇంకో రచయిత పది పేజీలు రాసేవాడేమో. విండమ్‌కు ఒక తడి బండ సరిపోయింది. రాయడం నేర్చుకునేవాళ్లకు నేను మొదట చూపించే పేజీ ఇదే.

మా ఊళ్లో ఆరో వేలు ఉంటే అదృష్టజాతకుడనేవారు. అదే వేలు అక్కడ శాపం. వేలులో ఏ మహిమా లేదు, ఏ పాపమూ లేదు. ఉన్నదంతా నలుగురూ కలిసి ఖాయం చేసుకున్న లెక్కలో ఉంది. "నలుగురితో నారాయణా, గుంపులో గోవిందా" అనడం మనకు చిన్నప్పటి నుంచీ అలవాటు. గుంపులో ఉన్నంతసేపూ అది హాయిగానే వినిపిస్తుంది.

మొదటిసారి చదివినప్పుడు నేను గీతలు పెట్టింది డేవిడ్ పక్షాన. అతనికీ మరికొందరు పిల్లలకూ నోరు విప్పకుండానే మనసుతో మాట్లాడుకునే శక్తి ఉంది. ఆ తేడా పైకి కనిపించదు కాబట్టే బతికిపోయారు. రెండోసారి నాకు కూతురు పుట్టిన ఏడాది చదివాను. అప్పటి గీతలన్నీ డేవిడ్ పిన్ని హ్యారియట్ వచ్చిన పేజీల్లో ఉన్నాయి. డేవిడ్ ఇంట్లో చెల్లెలు పెట్రా పుట్టింది. లోపం లేదని ఇన్‌స్పెక్టర్ సర్టిఫికెట్ రాసిచ్చేదాకా బిడ్డ పుట్టిన సంగతే ఎవరూ పైకి అనరు. సర్టిఫికెట్ వచ్చాకే పండగ. అంతలో హ్యారియట్ తన పసిబిడ్డను ఎత్తుకుని వచ్చింది. బిడ్డకు ఏదో చిన్న తేడా. అప్పటికే ఇద్దరు పిల్లల్ని అలాగే పోగొట్టుకుంది. ఒక్క పూట మీ బిడ్డను అరువివ్వు, ఇన్‌స్పెక్టర్‌కు చూపించి తెచ్చేస్తానని తోడబుట్టినదాన్ని బతిమాలింది. అక్క ఇవ్వలేదు, పైగా అసహ్యించుకుంది. తర్వాత హ్యారియట్ శవమై దొరికింది. ఆ పేజీ అంచున నేను రాసుకున్నది ఒకటే మాట: "అక్క."

ఇదంతా కల్పనే కదా అని పుస్తకం మూసేయలేం. సోఫీ దొరికిపోయాక, ఆమెకు పిల్లలు పుట్టకుండా చేసి అడవుల్లోకి వెళ్లగొడతారు. అమెరికా సుప్రీంకోర్టు 1927లో 'బక్ వర్సెస్ బెల్' కేసులో బలవంతపు సంతాన నిరోధక ఆపరేషన్లను సమర్థించింది. జర్మనీలో నాజీలు 1933లో అలాంటి చట్టమే తెచ్చారు. కథ జరిగే కెనడాలోనే అల్బెర్టా రాష్ట్రంలో 1928లో వచ్చిన చట్టం 1972 దాకా అమల్లో ఉంది. నవల అచ్చయిన రోజున కూడా అది బతికే ఉందన్నమాట. విండమ్ భవిష్యత్తును ఊహించడానికి ఎక్కువ దూరం వెళ్లలేదు.

మూడోసారి చదివినప్పుడు నన్ను నిలదీసింది ముగింపు. శక్తి సంగతి బయటపడి పారిపోయిన పిల్లలు పట్టుబడే ఘడియలో దూరదేశం నుంచి ఒక ఎగిరే ఓడ వస్తుంది. అందులో వచ్చిన స్త్రీ కూడా మనసుతో మాట్లాడే మనిషే. ఓడలోంచి జిగురు దారాలు రాలుతాయి. వెంటాడి వచ్చినవాళ్లూ, అడవుల్లోకి గెంటేసిన అభాగ్యులూ వాటిలో చిక్కుకుని చచ్చిపోతారు. మార్పే జీవలక్షణమని, పాత జాతి కొత్త జాతికి చోటివ్వక తప్పదని ఆమె పిల్లలకు బోధిస్తుంది. ఇరవయ్యేళ్ల వయసులో ఆ ప్రసంగం కింద నేను రెండేసి గీతలు కొట్టాను. మార్పు గెలిచిందని సంబరపడ్డాను.

ఇప్పుడు ఆ గీతల పక్కన ప్రశ్నార్థకం పెట్టాను. ఆమె మాటల్లోంచి 'మార్పు' తీసేసి 'స్వచ్ఛత' పెట్టి చూస్తే డేవిడ్ తండ్రి ప్రసంగం వినిపిస్తుంది. మేమే సరైన మనుషులం, మీకు కాలం చెల్లిందనే మాట గోడమీది పలక నుంచి ఓడలోకి ఎక్కింది. రచయిత దీన్ని హెచ్చరికగా రాశాడా, నిజంగానే నమ్మి రాశాడా అని పాఠకులు ఇప్పటికీ వాదించుకుంటారు. నా మటుకు నాకు తేలింది ఇది: తేడాను సహించని పాతదెంత ప్రమాదమో, పాతను సహించని కొత్తదీ అంతే ప్రమాదం. క్రిసాలిస్ అంటే గొంగళిపురుగు సీతాకోకచిలుకగా మారే ముందు గూట్లో ఉండే దశ. రెక్కలొచ్చిన సీతాకోకచిలుక గొంగళిపురుగుల్ని చంపదు.

అదే నవలలో మైకేల్ ఉన్నాడు. అతనికీ ఆ శక్తి ఉంది. ఆ శక్తే ఉండి దూరంగా చిక్కుబడిపోయిన రేచల్ అనే అమ్మాయి కోసం తిరిగి వెళ్లేంత ఇంధనం ఓడలో లేదు. ఆమెను వదిలి తానొక్కడే వెళ్లనని మైకేల్ ఆగిపోయాడు. మొదటి రెండుసార్లూ ఆ పేజీలో నేను ఒక్క గీతా పెట్టలేదు.

ఇలాంటి నవలలు చదివేటప్పుడు మీరూ ఒక పెన్సిల్ దగ్గర పెట్టుకోండి. గెలిచినవాళ్లు ఉపన్యసించే చోట కాసేపు ఆగండి. ఓడ ఎక్కలేకపోయినవాళ్ల పేర్లు అంచున రాసుకోండి. నా ప్రతిలో ఇప్పుడు మూడు పేర్లున్నాయి: సోఫీ, రేచల్, మైకేల్.